మలక్‌పేటలో పిల్ల గుర్రాలు: మొదటి రేసులు చూసి మూడిట్లో దేన్ని ఎంచుకోవాలి?

నలుగురు స్నేహితులు కలిసి హైదరాబాద్ మలక్‌పేట రేసు కోర్సులో పరిగెత్తే గుర్రంలో వాటా తీసుకుందామనుకుంటారు. డబ్బు సర్దుకుంటారు, ట్రైనర్‌తో మాటలవుతాయి, ఇక గుర్రాన్ని ఎంచుకోవడమే మిగులుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. అమ్మకానికి మూడు పిల్ల గుర్రాలున్నాయనుకుందాం. మూడూ ఒకే వయసువి, ధర కూడా కాస్త అటూ ఇటూగా ఒకటే.

ఒకటి చెస్ట్‌నట్ కోల్ట్, అంటే ఎర్ర గోధుమ రంగు మగ పిల్ల. దిగిన మొదటి రేసే గెలిచింది. దూరం 1100 మీటర్లు. గేటు తెరుచుకున్నప్పటి నుంచి ముందే ఉండి, ఐదు లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలిచింది. రెండో రేసు 1200 మీటర్లు. అందులోనూ ముందే పరిగెత్తి, చివర్లో దొరికిపోయి మూడో స్థానంలో వచ్చింది.

రెండోది బే ఫిల్లీ, అంటే గోధుమ రంగు ఒళ్ళు, నల్ల జూలు ఉన్న ఆడ పిల్ల. మొదటి రేసు 1100 మీటర్లు, ఎనిమిది లెంగ్త్‌ల వెనక ఆరో స్థానం. రెండో రేసు 1200 మీటర్లు, రెండు లెంగ్త్‌ల వెనక మూడో స్థానం. మూడో రేసు 1400 మీటర్లు, అందులో మెడ పొడవంత తేడాతో గెలుపు.

మూడోది గ్రే, అంటే బూడిద రంగు కోల్ట్. నాలుగు రేసులు పరిగెత్తితే మూడుసార్లు రెండో స్థానం, ఒకసారి మూడో స్థానం. ఎప్పుడూ లెంగ్త్‌న్నరకు మించి ఓడలేదు. గెలుపు మాత్రం లేదు.

ఇవి పోలిక కోసం నేను అల్లినవి, ఫలానా గుర్రాలని వెతకొద్దు. కానీ ప్రతి సీజన్‌లో ఈ మూడు రకాలూ కనబడుతూనే ఉంటాయి. నలుగురిలో ముగ్గురు మాత్రం ఐదు లెంగ్త్‌లతో గెలిచిన చెస్ట్‌నట్ వైపే వేలు చూపిస్తారు. నా ఓటు బే ఫిల్లీకి. ఎందుకో, ఏ పరిస్థితిలో నా మాట మారుతుందో చెబుతాను.

ముందు వయసు లెక్క తెలియాలి. మన దేశంలో రేసు గుర్రం ఏ నెలలో పుట్టినా వయసు పెరిగేది జనవరి 1నే. పిల్లలు ఎక్కువగా జనవరి నుంచి మే లోపు పుడతాయి. అంటే జనవరి మొదట్లో పుట్టినదీ ఏప్రిల్ చివర్లో పుట్టినదీ కాగితం మీద ఒకే వయసు. రెండేళ్ల పిల్లకు మూడు నాలుగు నెలల తేడా చాలా పెద్దది. ఎముక, కండ, బుద్ధి అన్నీ ఆ నెలల్లోనే కుదురుకుంటాయి. అందుకే నేను మొదట అడిగేది పుట్టిన తేదీ. రేసు గుర్రాల పుట్టుక, వంశం నమోదయ్యే ఇండియన్ స్టడ్ బుక్ వివరాల్లో అది దొరుకుతుంది. మన చెస్ట్‌నట్ జనవరిలో, బే ఏప్రిల్‌లో పుట్టి ఉంటే, మొదటి రేసులో వాటి మధ్య కనబడిన తేడాలో కొంత భాగం క్యాలెండర్‌దే.

మలక్‌పేట క్యాలెండర్ కూడా చూడాలి. రెండేళ్ల పిల్లలు సాధారణంగా శీతాకాలం సీజన్‌లో మొదటిసారి ట్రాక్ మీదకొస్తాయి. మరుసటి వానాకాలం సీజన్‌కు మూడేళ్లవుతాయి. వాటికి పెద్ద పరీక్ష అక్టోబర్ మొదట్లో జరిగే డెక్కన్ డెర్బీ, దూరం 2000 మీటర్లు. తర్వాత శీతాకాలంలో 1600 మీటర్ల గోల్కొండ గినీస్ రేసులు వస్తాయి. జనవరి 1 దాటి నాలుగేళ్లు వచ్చాక 2400 మీటర్ల గోల్కొండ డెర్బీ. కాబట్టి 1100 మీటర్లలో మనం చూసే రెండేళ్ల పిల్లకు అసలు పరీక్ష ఏడాదో, అంతకు మించో ముందుంది. దూరం కూడా రెట్టింపు. ఆ రోజు గెలిచింది ఆ రోజుకు సిద్ధంగా ఉన్న గుర్రం. రెండేళ్లకే సిద్ధమైన గుర్రం నాలుగేళ్లకు ఎలా ఉంటుందన్నది వేరే లెక్క.

ఈ సంగతి రేసు ప్రపంచానికి కొత్తది కాదు. 19వ శతాబ్దంలోనే ఇంగ్లండ్‌లో అడ్మిరల్ రౌస్ వయసును బట్టి గుర్రం మోసే బరువు తగ్గించే పట్టిక తయారు చేశారు. పెద్ద గుర్రంతో పరిగెత్తే చిన్న గుర్రానికి కొన్ని కిలోల రాయితీ ఇస్తారు. దూరం పెరిగితే రాయితీ పెరుగుతుంది, ఏడాది గడిచేకొద్దీ తగ్గుతుంది. చిన్న గుర్రం ఇంకా ఎదుగుతోందని, ఆ లోటు ముందుగా ఎక్కువ దూరాల్లోనే బయటపడుతుందని ఆ పట్టికే ఒప్పుకుంటోంది.

ఇక చెస్ట్‌నట్ సంగతి. ఐదు లెంగ్త్‌ల గెలుపు కంటికి ఇంపుగా ఉంటుంది. అయితే ముందే ఉండి గెలిచిన పిల్ల గుర్రం చాలా పరీక్షలు తప్పించుకుంటుంది. దాని మొహం మీద మట్టి పెళ్ళలు పడవు. అటూ ఇటూ గుర్రాలు రాసుకోవు. ముందు దారి మూసుకుపోతే ఆగి, సందు దొరికాక మళ్ళీ వేగం అందుకోవాల్సిన పని పడదు. మిగతావన్నీ కూడా పిల్లలే కాబట్టి అవి గేటు దగ్గర తడబడుతుంటే, గేటు బాగా నేర్చుకున్న ఒక్క గుర్రం మొదటి 200 మీటర్లలోనే రేసును చేతిలోకి తీసుకుంటుంది. ఆ ఐదు లెంగ్త్‌లలో చాకచక్యం ఎంత, శక్తి ఎంత అన్నది ఆ ఒక్క రేసు చెప్పదు.

దీన్ని తేల్చడానికి గడియారం కొంత సాయం చేస్తుంది. మొత్తం టైమ్‌ను విడిగా చూస్తే లాభం లేదు. వానకు ట్రాక్ మెత్తబడిన రోజు టైమ్‌నూ ఎండ కాసిన రోజు టైమ్‌నూ పక్కపక్కన పెట్టకూడదు. పోల్చాల్సింది అదే రోజు, అదే దూరంలో జరిగిన ఇంకో రేసుతో. పెద్ద గుర్రాల మామూలు హ్యాండిక్యాప్ రేసు (బలమైన గుర్రం ఎక్కువ బరువు మోసే రేసు) టైమ్‌కు పిల్లల రేసు టైమ్ దగ్గరగా ఉంటే ఆ గెలుపుకు బలం ఉంది. ఒకటిన్నర సెకను వెనకబడితే ఓడినవి బలహీనమైనవేమో అని అనుమానించాలి. సెకనుకు ఐదు లెంగ్త్‌లు చొప్పున లెక్క వేసుకుంటే ఒకటిన్నర సెకనంటే ఏడు లెంగ్త్‌లకు పైమాటే.

మొత్తం టైమ్ కన్నా ఎక్కువ చెప్పేది ఆ టైమ్ ఎలా ఖర్చయిందన్నది. చెస్ట్‌నట్ రెండో రేసు వీడియో పెట్టుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్‌తో మొదటి 600, చివరి 600 విడివిడిగా కొలవండి. మొత్తం 1 నిమిషం 13 సెకన్లు అనుకుందాం. మొదటి సగం 35 సెకన్లలో పరిగెత్తి, రెండో సగానికి 38 తీసుకుంటే, జాకీ తొందరపడి ముందే ఖర్చు పెట్టించాడన్నమాట. అలాంటి ఓటమిని క్షమించొచ్చు. కాస్త పట్టి పరిగెత్తిస్తే అదే గుర్రం నిలబడొచ్చు. మొదటి సగం 37లో తాపీగా పరిగెత్తి కూడా చివర్లో దొరికిపోతే మాత్రం ఆలోచించాలి. ఎవరూ తరమకుండానే చివరి 200లో అడుగు చిన్నదైపోతే ఆ గుర్రానికి 1100 మీటర్లే హద్దు కావచ్చు. స్ప్రింటర్‌గా బాగానే సంపాదించొచ్చు గానీ డెర్బీ ఆశ పెట్టుకోకూడదు.

చిన్న వయసులో మెరిసి తర్వాత తగ్గిన గుర్రాలకు ప్రపంచమంతా పేరు తెలిసిన ఉదాహరణ అరాజీ. 1991లో అమెరికాలో బ్రీడర్స్ కప్ జువెనైల్ రేసులో వెనక నుంచి ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ వచ్చి గెలిచిన తీరు ఇప్పుడు చూసినా ఒళ్ళు జలదరిస్తుంది. మరుసటి ఏడాది కెంటకీ డెర్బీలో అది ఎనిమిదో స్థానంలో వచ్చింది. మోకాళ్ళకు ఆపరేషన్ కూడా మధ్యలో జరిగింది, కాబట్టి తప్పంతా గుర్రానిదే అనలేం. కానీ రెండేళ్ల వయసులో చూసినదాన్ని బట్టి మూడేళ్ల నాటి ఫలితాన్ని రాసిపెట్టుకోకూడదని మాత్రం తెలుస్తుంది.

బే ఫిల్లీ మొదటి రేసును చాలామంది ఒక్క అంకెలో చదివి వదిలేస్తారు: ఆరు. అక్కడ ఆగకుండా వీడియో చూడాలి. నేను మూడుసార్లు చూస్తాను. మొదటిసారి గేటు మాత్రమే. తలుపు తెరుచుకోగానే తల పైకెత్తిందా, పక్కకు తూలిందా, ఒక అడుగు ఆలస్యంగా బయటికొచ్చిందా? రెండోసారి మలుపు. బయటి వైపు ఎన్ని గుర్రాల అవతల తిరిగింది? బయట తిరిగిన గుర్రం లోపలిదానికన్నా ఎక్కువ నేల కొలుస్తుంది. మూడోసారి చివరి 400 మీటర్లు, అదీ గుర్రాన్ని వదిలేసి జాకీ చేతుల్నే చూస్తాను.

ఈ చేతుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. గుర్రం దగ్గర ఇంకా శక్తి ఉంటే జాకీ చేతులు కదలవు. కళ్ళేలు బిగువుగా ఉంటాయి, మోచేతులు మడిచి, చేతులు గుర్రం మెడ మీద ఆనించినట్టుంటాయి. పక్క జాకీ కొరడా తీసి కొడుతుంటే ఇతను ఇంకా కూర్చునే ఉంటాడు. శక్తి అయిపోతున్న గుర్రం మీద చేతులు ముందుకు వెనక్కు తోస్తూ ఉంటాయి, అయినా అడుగు పెద్దదవదు. పిల్ల గుర్రాల్లో మూడో రకం ఒకటి ఉంది. జాకీ తోస్తాడు, రెండు మూడు అడుగులు ఏమీ జరగదు, గుర్రానికి తనను ఏం చేయమంటున్నారో అర్థం కాదు. చెవులు అటూ ఇటూ తిరుగుతాయి, పక్కకు ఒరుగుతుంది. జాకీ సరిచేస్తాడు. అప్పుడు ఒక్కసారిగా మెడ కిందికి దించి, వీపు సాగదీసి పరిగెడుతుంది. అప్పటికి రేసు అయిపోతుంది, అది ఆరో స్థానంలో ఉంటుంది. గీత దాటాక మాత్రం ముందున్న మూడింటినీ దాటేసి వెళ్తుంది. రేసు బుక్‌లో ఈ ముక్క ఎక్కడా ఉండదు. గీత దాటాక కూడా ఒక 200 మీటర్లు కెమెరా చూపిస్తే తప్పకుండా చూడండి.

1972 జులై 4న న్యూయార్క్‌లో అక్విడక్ట్ ట్రాక్ మీద సెక్రటేరియట్ పరిగెత్తిన మొదటి రేసు ఇలాంటిదే. గేటు నుంచి రాగానే పక్క గుర్రం గుద్దింది, దారి దొరకలేదు, చివర్లో వేగంగా వచ్చి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. మరుసటి ఏడాది అదే గుర్రం ట్రిపుల్ క్రౌన్, అంటే అమెరికాలోని మూడు పెద్ద రేసులూ గెలిచింది. వాటిలో ఒకటైన బెల్మాంట్ స్టేక్స్‌లో తేడా 31 లెంగ్త్‌లు. నాలుగో స్థానంలో వచ్చిన ప్రతి పిల్లా సెక్రటేరియట్ కాదు. అయితే ఆ రోజు ఫలితాల కాగితం మాత్రమే చదివినవాళ్ళకు దాని సంగతి తెలిసే దారే లేదు.

గేటు దగ్గర నాలుగు లెంగ్త్‌లు పోయాయి, చివరికి ఎనిమిది వెనక వచ్చింది కాబట్టి నిజానికి నాలుగే ఓడింది అని కొందరు లెక్క కడతారు. అలా మొత్తం తిరిగి ఇవ్వకూడదు. వెనకబడ్డ గుర్రానికి తగిలే గాలిని ముందున్నవి అడ్డుకుంటాయి, అదీ ఒక లాభమే. నేను పోయినదాంట్లో సగమే తిరిగి ఇస్తాను. పాపం అనిపించిన ప్రతి గుర్రానికీ పూర్తి లెంగ్త్‌లు ఇచ్చుకుంటూ పోతే స్టాండ్‌లో ఓడిన గుర్రమే ఉండదు.

బేను ఎంచుకోవడానికి నాకు అన్నిటికన్నా పెద్ద కారణం దాని మూడు రేసుల వరస. ఎనిమిది లెంగ్త్‌ల నుంచి రెండుకు, రెండు నుంచి గెలుపుకు వచ్చింది. దూరం పెరిగినప్పుడల్లా మెరుగుపడింది. మొదటి రేసుకీ రెండో రేసుకీ మధ్య మెరుగుపడడం చాలా పిల్లల్లో ఉంటుంది, అది అనుభవం వల్ల వచ్చేది. రెండు నుంచి మూడుకు కూడా పెరిగితే ఆ గుర్రం ఇంకా ఎదుగుతోందన్నమాట. అందుకే పిల్ల గుర్రం మీద అభిప్రాయాన్ని నేను మూడో రేసు దాకా ఖాయం చేసుకోను.

మెడ తేడా గెలుపు చిన్నదిగా కనిపిస్తుంది. 1400 మీటర్ల రేసులో చివరి 100లో ముందుకొచ్చాక చెవులు నిక్కబొడుచుకుని చుట్టూ చూసిందా, లేక మెడ చాచి కష్టపడుతూనే ఉందా? ముందుకు రాగానే పని అయిపోయిందనుకుని తగ్గే పిల్లలు చాలా ఉంటాయి. పక్క గుర్రం మళ్ళీ దగ్గరికొచ్చినప్పుడు ఇది మళ్ళీ వేగం పెంచితే ఆ మెడ తేడా వెనక లెంగ్త్‌న్నర దాగున్నట్టే.

ఆడ గుర్రం కావడం వల్ల మోసే బరువులో ఒకటిన్నర కిలోల రాయితీ వస్తుంది కదా, అది లేకపోతే కోల్ట్‌ల మీద ఓడేదే కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒక లెంగ్త్ తేడాకు సమానమైన బరువు 1200 మీటర్ల దగ్గర సుమారు కిలోంబావు, 1600 దగ్గర కిలోకు కాస్త తక్కువ, 2400 దగ్గర అరకిలోకు కాస్త ఎక్కువ అని మోటు లెక్క. ఆ లెక్కన బే గెలుపు రాయితీ లేకపోతే ఓటమే. కానీ ఆ రాయితీ కోల్ట్‌లతో కలిసి పరిగెత్తే క్లాసిక్ రేసుల్లోనూ (డెర్బీ లాంటి పెద్ద రేసుల్లో) ఉంటుంది. రేపు కూడా ఉండే సదుపాయాన్ని ఈరోజు లెక్కలోంచి తీసేయడం నాకు సమంజసంగా అనిపించదు. పైగా ఫిల్లీల కోసమే 1000 గినీస్, ఓక్స్ ఉన్నాయి. 2010లో ముంబై మహాలక్ష్మిలో ఇండియన్ డెర్బీ గెలిచిన జాక్వెలిన్ కూడా ఫిల్లీయే. తీసేయాల్సిన రాయితీ ఒకటుంది, అది అప్రెంటిస్ జాకీకి, అంటే ఇంకా పని నేర్చుకుంటున్న జాకీకి ఇచ్చేది. పెద్ద రేసుల్లో అది దొరకదు.

గ్రే కోల్ట్ మంచి మనుషుల్ని మోసం చేసే గుర్రం. ఎప్పుడూ దగ్గరే ఉంటుంది, ఎప్పుడూ కష్టపడుతుంది, ఈసారి గెలుస్తుందనిపిస్తుంది. నాలుగు రేసుల్లోనూ ఒకే మట్టంలో పరిగెత్తిన గుర్రం తన దగ్గరున్నదంతా చూపించేసినట్టే. గుర్రాలకు రేటింగ్ వేసి, దాన్ని బట్టి మోసే బరువు నిర్ణయించే హ్యాండిక్యాపర్‌కూ దాని కొలత తెలిసిపోతుంది, రేటింగ్ సరిగ్గా దాని బలానికి తగ్గట్టే పడుతుంది. ఇక దాచుకున్న మిగులంటూ ఉండదు. చివరి 100 మీటర్లలో పక్క గుర్రం తల దగ్గరికి రాగానే చెవులు వెనక్కి వేసి, తల ఎత్తి, తోక ఝాడిస్తుంటే నేను ఆ గుర్రం జోలికి వెళ్ళను. అది ఓడిపోవడం నేర్చుకుంటోంది. కొన్నింటికి బ్లింకర్లు (పక్కలు కనబడకుండా కళ్ళ దగ్గర పెట్టే మూతలు) వేస్తే మారతాయి. ఇప్పటికే వేసి చూశారో లేదో అడగండి.

గ్రే విషయంలో నా మాట మారాలంటే ఒకటే దారి ఉంది: దాన్ని ఓడించినవి ఏవి? పిల్ల గుర్రాల్ని తూచే అన్ని పద్ధతుల్లోకీ నేను ఎక్కువ నమ్మేది దీన్నే. ఒక రేసు విలువ ఆ రోజు తెలియదు. అందులో పరిగెత్తినవి తర్వాత ఏం చేశాయో చూస్తే తెలుస్తుంది.

2010 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌లో ఒక మామూలు పిల్లల రేసు జరిగింది. ఫ్రాంకెల్ అనే గుర్రం అర లెంగ్త్‌తో గెలిచింది. రెండో స్థానంలో వచ్చిన దాని పేరు నథానియెల్. అర లెంగ్త్ ఓడిన గుర్రం అని వదిలేసినవాళ్ళు ఉండే ఉంటారు. ఫ్రాంకెల్ ఆ తర్వాత పరిగెత్తిన 13 రేసుల్లో 13 గెలిచి రిటైరైంది. నథానియెల్ 2011లో కింగ్ జార్జ్, 2012లో ఎక్లిప్స్ అనే పెద్ద రేసులు గెలిచింది. అంటే ఆ రెండో స్థానం చాలా గెలుపులకన్నా విలువైనది. మన గ్రేను ఓడించిన గుర్రాల్లో రెండు తర్వాత పెద్ద రేసులు గెలిస్తే, గ్రే మీద నా అభిప్రాయం మొత్తం తిరగరాస్తాను. అవేవీ తర్వాత ఎక్కడా కనబడకపోతే గ్రే రెండో స్థానాలకు విలువ లేదు.

ఇది చేయడం కష్టమేం కాదు. ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకోండి. మీరు చూస్తున్న గుర్రం పరిగెత్తిన ప్రతి రేసులో మొదటి ఐదు స్థానాల పేర్లు, లెంగ్త్‌లు, బరువులు రాసుకోండి. అవి మళ్ళీ పరిగెత్తినప్పుడు పక్కన ఫలితం వేయండి. నెలా నెలన్నరలో బొమ్మ కనబడుతుంది. చెస్ట్‌నట్ ఐదు లెంగ్త్‌లతో ఓడించినవాటిలో ఒక్కటీ తర్వాత మొదటి మూడు స్థానాల్లోకి రాకపోతే, ఆ గెలుపు మీద అప్పుడు పెట్టిన ధర ఇప్పుడు ఎక్కువ. బే ఆరో స్థానంలో వచ్చిన మొదటి రేసులోంచి ముగ్గురు విజేతలు పుట్టుకొస్తే, ఆ ఆరుకు అర్థమే మారిపోతుంది. పిల్లల రేసుల్లో ఈ పద్ధతి మరీ బాగా పనికొస్తుంది. దిగిన రోజు ఎవరి బలమూ ఎవరికీ తెలియదు కదా.

వంశం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాని మీద అవసరానికి మించి మాట్లాడుకుంటాం. తండ్రి, తల్లి తరఫు గుర్రాలు ఎంత దూరంలో గెలిచాయన్నది పనికొచ్చే సమాచారం. మయోస్టాటిన్ అనే జన్యువులోని తేడాను బట్టి గుర్రం స్ప్రింట్‌కు మొగ్గుతుందా, దూరానికి మొగ్గుతుందా చెప్పొచ్చని ఐర్లండ్ పరిశోధకులు 2010లో ప్రచురించారు. వంశం దూరాన్ని సూచిస్తుంది, తెగువను చెప్పదు. పరిగెత్తక ముందు కాగితమే గతి. మూడు రేసులు పరిగెత్తాక కాగితాన్ని రేసుల తర్వాతే చదవాలి.

కాగితం చెప్పనివి కొన్ని పాడాక్ (రేసుకు ముందు గుర్రాల్ని నడిపించి చూపించే చోటు) దగ్గర తెలుస్తాయి. మలక్‌పేట మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళే దూరమే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో 1886లో రేసులు మౌలాలి నుంచి ఇక్కడికి మారాయి. ఇంత పాత ట్రాక్ నగరం మధ్యలో ఉంది కాబట్టి గుర్రాన్ని కళ్ళతో చూడకుండా వాటా కొనడానికి హైదరాబాద్‌లో ఎవరికీ సాకు లేదు.

పక్క నుంచి చూడండి. వెనక భాగం భుజం కన్నా ఎత్తుగా ఉంటే ఆ పిల్ల ఇంకా ఎదుగుతోంది. అలాంటిది ఇప్పటికే రేసు గెలిచిందంటే ఇంకా ఆశ పెట్టుకోవచ్చు. చిన్నప్పుడే భుజం, వెనక భాగం సమంగా వచ్చేసి, కండ పట్టి, పెద్ద గుర్రంలా కనబడుతుంటే అది తొందరగా పండిన గుర్రం. చెస్ట్‌నట్ అలా ఉంటే నాకు ఆశ్చర్యం లేదు. రేసుకు ముందే వెనక కాళ్ళ మధ్య నురగలా చెమట పట్టి, సైస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) పక్కన అడ్డంగా నడుస్తుంటే సగం శక్తి అక్కడే పోతుంది. మొదటి రేసులో అలా చేసి మూడో రేసుకు తల దించుకుని నిదానంగా నడిస్తే, అది కూడా ఎదుగుదలే. స్థానాల్లో కనబడని ఎదుగుదల.

రేసు అయ్యాక చాలామంది విజేత చుట్టూ మూగుతారు. నేను జీను తీస్తున్న మిగతా గుర్రాల దగ్గరుంటాను. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కు ఒక్కటే దారి. పరిగెత్తేటప్పుడు అడుగుకొక ఊపిరి. కాబట్టి ఆ ముక్కుపుటాలు, ఆ డొక్కలు ఎంత సేపటికి కుదుటపడతాయో చూస్తే లోపల ఎంత మిగిలిందో తెలుస్తుంది. గెలిచిన గుర్రం చాలా సేపు డొక్కలెగరేస్తూ నిలబడి, మూడో స్థానంలో వచ్చింది నాలుగు చుట్లు తిరిగేసరికి మామూలుగా ఊపిరి తీసుకుంటూ చెవులు ఆడిస్తుంటే, వచ్చే నెల ఆ రెండింట్లో దేన్ని చూడాలో నాకు సందేహం ఉండదు. ఊపిరిలో గురక లాంటి చప్పుడు వినబడితే మాత్రం డాక్టర్‌ను పిలవాల్సిందే.

సైస్‌తో మాట్లాడండి. గుర్రం గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఆయన. గెలుస్తుందా అని అడిగితే ఏమీ చెప్పడు, చెప్పనవసరమూ లేదు. "అన్నా, రేసు అయినంక రాత్రి దాణా మొత్తం తిన్నదా?" అని అడగండి. "తొట్టి నాకేసింది" అంటే ఆ గుర్రం రేసును తట్టుకుంది. "రెండు రోజులు ముట్టలే" అంటే ఆ రేసు దానికి భారమైంది. పిల్ల గుర్రం రెండు సీజన్లు నిలబడాలంటే ఈ తొట్టి సంగతి ట్రాక్ వర్క్ టైమింగ్‌ల కన్నా ముఖ్యం.

ఇప్పుడు ఎంపిక. పెద్ద రేసులు, అంటే గినీస్, ఓక్స్, డెర్బీ మీ లక్ష్యమైతే బే ఫిల్లీ. దూరం పెరిగేకొద్దీ మెరుగవుతోంది, మూడో రేసుకు కూడా పెరిగింది. క్లాసిక్ రేసుల్లో బరువులు రేటింగ్‌ను బట్టి పడవు కాబట్టి గెలిచినందుకు జరిమానా ఉండదు. ఈ గుర్రాన్ని కొనడానికి ఎక్కువ రోజులు ఆగొద్దు. నాలుగో రేసు 1600లో బాగా పరిగెత్తితే ఇప్పటి ధరకు రాదు.

ఓపిక తక్కువ, ఈ సీజన్‌లోనే గుర్రం తరచుగా పరిగెత్తుతూ కొంత సంపాదించాలనుకుంటే చెస్ట్‌నట్ తప్పు ఎంపికేం కాదు. అయితే తొలి గెలుపు వల్ల రేటింగ్ పెరిగి ఉంటుంది, ఇకపై మోసే బరువూ, ఎదురయ్యే గుర్రాలూ మారతాయి. దీన్ని కొనే ముందు మాత్రం ఆగండి. ఇంకో రేసు పరిగెత్తనివ్వండి, అందులో జాకీ పట్టి పరిగెత్తిస్తే ఏం చేస్తుందో చూడండి. ఈ లోపల ఎవరైనా కొనేసుకుంటే పోనివ్వండి.

గ్రేను అమ్మేవాళ్ళు "నాలుగు రేసుల్లో నాలుగు ప్లేసులు" అని చెప్పి ధర నిలబెడతారు. ధర బాగా దిగితేనే, అదీ దాన్ని ఓడించినవి తర్వాత నిలబడితేనే దాని వైపు చూడండి. 

ఏది ఎంచుకున్నా డబ్బు చేతులు మారకముందు డాక్టర్ చేత నాలుగు పనులు చేయించాలి: గొంతు స్కోప్, ముందు మోకాళ్ళ ఎక్స్‌రే, కాళ్ళ టెండన్ల (కండను ఎముకకు కలిపే నారల) స్కాన్, గుండె పరీక్ష. మోకాలి పైన ఎముక ఎదిగే చోటు సుమారు రెండు, రెండున్నరేళ్ల మధ్య మూసుకుంటుంది. అంతకుముందే గట్టిగా పరిగెత్తించిన పిల్ల అయితే ఎక్స్‌రే మరీ ముఖ్యం. నలుగురి వాటాలు, నెలనెలా ట్రైనింగ్ ఖర్చు ఎవరెంత, గుర్రం గాయపడి ఆరు నెలలు ఖాళీగా ఉంటే ఎలా, అమ్మాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి అన్నవన్నీ కాగితం మీద పెట్టుకోండి. బే విషయంలో ఇంకో మాట కూడా అందులో రాసుకోవాలి. రేసులు మానేశాక కూడా మంచి ఫిల్లీకి స్టడ్ ఫారంలో తల్లిగా విలువ ఉంటుంది. ఆ రోజు అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది ఎవరు నిర్ణయిస్తారో ఇప్పుడే తేల్చుకోండి.